లొరెట్టా వద్దన్న హాలోవీన్

లొరెట్టా వ్రాబెల్ మా డన్లీ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. నలభై ఏళ్ళలోపు మనిషి ఎవరైనా ఆ బస్సు ఎక్కకుండా పెరిగానంటే, వాడు అబద్ధమైనా చెబుతుండాలి, పెళ్ళి చేసుకుని పక్క ఊరి నుంచైనా వచ్చుండాలి. మా మేయరు చిన్నప్పుడు నాలుగో సీటు కింద వాంతి చేసుకుని, ఆ వాసనకి మళ్ళీ ఇంకోసారి చేసుకున్నాడు. ఫైర్ స్టేషన్ పెద్ద రాబీ డెమ్కో పాలపళ్ళన్నీ ఆ బస్సులోనే ఊడగొట్టుకున్నాడు. రెండు అతనే ఊడగొట్టుకున్నాడు, మిగతావి పక్క సీటు పిల్ల ఊడగొట్టింది.

లొరెట్టా బస్సు దిగి చెయ్యి ఎత్తిందంటే రోడ్డు మీద ఏదైనా ఆగాల్సిందే. బొగ్గు లారీలు ఆగేవి. ఒకసారి శవపేటికతో సహా అంత్యక్రియల కార్ల వరుస మొత్తం ఆగింది. రైలు కూడా ఆగిందని కొన్నాళ్ళు చెప్పాను, తరవాత మానేశాను. మా ఊళ్ళో రైలు లేదు.

పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. ఒకాయన ఆరేళ్ళు ప్రతి శుక్రవారం చర్చి వంటింటికి వచ్చి, ఆమె వడ్డించే పియెరోగీ కుడుములు తినీ తినీ ప్యాంటు మూడు సైజులు పెంచుకున్నాడు గానీ నోరు తెరిచి అడగలేదు. అడిగినా లాభం లేదు. లొరెట్టా ప్రాణమంతా వాళ్ళక్క థెరీసా దగ్గరుండేది. ఇంట్లో అక్క టెస్, చెల్లెలు లోరీ.

తల్లి పోయేనాటికి లొరెట్టాకి ఆరేళ్ళు, థెరీసాకి పది. తండ్రికి గనిలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. జడ వేసింది, సూప్ కాచింది, స్కూలుకి తోలింది అన్నీ ఆ పదేళ్ళ పిల్లే. ఆ ఏడాది హాలోవీన్‌కి తండ్రి పాత చొక్కా కత్తిరించి చెల్లెలికి గబ్బిలం వేషం కుట్టింది. రెక్కలు ఎగుడు దిగుడు. అయినా లొరెట్టా ఆ గబ్బిలాన్ని విప్పనని వారం రోజులు అందులోనే పడుకుందట. థెరీసా చెయ్యి కుట్టుపనిలో పడింది అప్పుడే. పెద్దయ్యాక ప్యాంట్ల ఫ్యాక్టరీలో చేరింది. అది మూతపడ్డాక ఇంట్లోనే కుట్టింది. భర్త పోయాక, పిల్లలు లేని ఆ ఇంటికి చెల్లెలు వచ్చి చేరింది. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, పసుపు రంగు ఇల్లు. అందుకని వాళ్ళ సంగతులు నాకు తెలిసినంతగా వాళ్ళకే తెలియవు.

మా ఊళ్ళో హాలోవీన్ రోజు సాయంత్రం ఆరుకి ఫైర్ స్టేషన్ సైరన్ మోగుతుంది. అప్పుడు పిల్లలు వేషాలతో బయటికి వస్తారు. వరండాలో దీపం వెలుగుతున్న ప్రతి ఇంటికీ వెళ్ళి మిఠాయి అడుగుతారు. ఎనిమిదికి మళ్ళీ మోగుతుంది, ఇళ్ళకి పోతారు. అలా మోగించాలా, ఏ రోజు మోగించాలి అన్నది ఊరి కౌన్సిల్ ఓటేసి తేలుస్తుంది. మామూలు ఏళ్ళలో ఆ ఓటు ఆవలించేలోపు అయిపోతుంది.

ఆ సాయంత్రానికి రాణి థెరీసా. జూలైలోనే పిల్లలు వచ్చి వరస కట్టేవారు. ఒకడికి డ్రాగన్ కావాలి, ఒకత్తెకి మంట పట్టిన మంత్రగత్తె కావాలి, ఒకడైతే ఏకంగా వాషింగ్ మెషీన్ కావాలన్నాడు, అదీ తిరగాలట. తిరిగేట్టే కుట్టింది. పైసా తీసుకునేది కాదు. హాలోవీన్ నాడు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె దగ్గర మిఠాయి కావాలంటే ఒకటే షరతు.

"తిరుగు," అనేది.

పిల్లలు ఒక చుట్టు తిరిగేవారు. ముందు, పక్క, వెనక, మళ్ళీ ముందు. బట్ట ఎలా ఎగిరిందో, ఎక్కడ పట్టిందో కళ్ళు చికిలించి చూసేది. అప్పుడు ఒక పెద్ద చాక్లెట్ బార్, ముక్క కాదు, మొత్తం బార్, సంచిలో పడేది.

కరోనాకి మూడేళ్ళ ముందే ఆమె ఊపిరితిత్తులు మొండికేశాయి. ముక్కుకి గొట్టం, గొట్టం చివర గాలి యంత్రం. ఇల్లంతా పొడుగాటి గొట్టం ఈడ్చుకుంటూ తిరిగేది, గొలుసుకి కట్టిన పిల్లిలా అని తనే నవ్వేది. కరోనా వచ్చిన ఏడు, ఆగస్టులో డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాక నవ్వు తగ్గింది. వచ్చే వేసవికి కొత్త మందేమైనా మొదలుపెడదామా అని అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకుంటూ, "వచ్చే వేసవి సంగతి వచ్చే వేసవిలో చూద్దాంలెండి," అన్నాడట. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది, ఎందుకంటే థెరీసా ఆ మాట నాకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది.

ఆ నెలలోనే లొరెట్టా బస్సు మానేసింది. స్కూలు తెరుస్తారట, నలభై మంది పిల్లలు మూసిన బస్సులో ఆమె వెనక కూర్చుంటారట. తాళాలు తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి వీడ్కోలు విందు లేదు, కేకు లేదు, కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారంతే. ఆ రోజు నుంచి ఆ పసుపు ఇంట్లోకి ఈగ కూడా పోలేదు. సరుకులు మెట్ల మీద దించించి, బ్లీచ్ నీళ్ళతో పాల డబ్బా దగ్గర్నుంచి ఉల్లిపాయదాకా తుడిచేది. ఉల్లిపాయలు ఏడ్చాయి.

థెరీసా ఏప్రిల్‌లో ఊరందరికీ మాస్కులు కుట్టింది. నాలుగు వందలు. నేను నాలుగు వేలని చెప్పాను. జూలై రాగానే మాస్కులు పక్కన పెట్టి వేషాలు మొదలుపెట్టింది. ఈసారి పిల్లలు లోపలికి రాలేరు కాబట్టి తల్లులు కొలతలు ఫోన్‌లో చెప్పారు. పదకొండు వేషాలు. రెండు నిమిషాలు కుట్టడం, ఐదు నిమిషాలు ఆయాసం తీర్చుకోవడం. డెమ్కో కూతురు, ఏడేళ్ళ టీగన్, గుడ్లగూబ కావాలంది. గుడ్డతో ఒక్కొక్క ఈకా కత్తిరించి మూడు వందల ఈకలు కుట్టింది థెరీసా. అది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

వరండా కటకటాలకి ఆరడుగుల నీళ్ళ గొట్టం కూడా వాలుగా కట్టించుకుంది. తను పైనుంచి చాక్లెట్ వదిలితే కింద పిల్లల సంచిలో పడుతుంది. మనిషికీ మనిషికీ మధ్య కావలసినంత దూరం. రోజూ సాయంత్రం ఒక బంగాళాదుంప దొర్లించి చూసుకునేది.

అక్టోబరు రెండో సోమవారం కౌన్సిల్ కూర్చుంది. కూర్చోవడమంటే ఎవరింట్లో వాళ్ళే, ఫోన్లలో. ఏడుగురు సభ్యులు. లొరెట్టా అందులో ఒకతె. ఇంకెవరూ పోటీకి నిలబడలేదని నలభై మూడు మంది ఆమె పేరు రాసి గెలిపించారు. థెరీసాకి వినబడకూడదని ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు ఆపిన కారులో కూర్చుని మాట్లాడింది. ఊరివాళ్ళు కూడా ఫోన్ చేసి వినొచ్చు గానీ మాట్లాడకూడదు. నా జన్మలో అంతకన్నా పెద్ద శిక్ష పడలేదు.

"పిల్లలు మార్చి నుంచి ఇళ్ళల్లో మగ్గిపోతున్నారు," అన్నాడు డెమ్కో. "బయట గాలిలో రెండు గంటలు. మాస్కులు పెట్టుకుంటారు. గొట్టాలు కట్టుకున్నారు జనం. ఎవర్నీ ఎవరూ ముట్టుకోరు."

"నీ గొట్టాల సంగతి నాకు చెప్పకు రాబీ," అంది ఇంకో సభ్యురాలు మిసెస్ కొవాలిక్. "మా ఆయన్ని ఆసుపత్రి కిటికీలోంచి చూశాను, పోయేదాకా, ఇరవై ఆరు రోజులు. అద్దానికి ఇటు నేను, అటు ఆయన. చెయ్యి ఇలా పెట్టేవాడు. నేనూ పెట్టేదాన్ని. చల్లగా గాజు తగిలేది, అంతే."

ఎవరింట్లోనో కుక్క మొరిగింది.

"అది కాదండీ," అన్నాడు డెమ్కో, గొంతు తగ్గించి. "ఆయనంటే మాకూ ఇష్టమే. నేననేది పిల్లల సంగతి."

"పిల్లలకి వచ్చే ఏడు కూడా హాలోవీన్ వస్తుంది."

"అందరికీ రాదుగా," అన్నాడు డెమ్కో. అతను ఎవరి గురించి అన్నాడో ఊరంతటికీ తెలుసు.

ఓట్లు పిలిచారు. మూడు కావాలని, మూడు వద్దని. మిగిలింది లొరెట్టా. కాఫీ హోటల్ నడిపే అధ్యక్షుడు పేరు పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. నేను మా కిటికీ తెర పక్కకి జరిపి చూశాను. వీధి దీపం వెలుగులో కారులో ఆమె తల కనిపిస్తోంది, కదలడం లేదు.

"లైను తెగిందా లొరెట్టా?"

"లేదు. ఉన్నాను."

"మరి?"

మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి మాత్రం వినిపించింది. చివరికి, "వద్దు," అంది. ఎంత నెమ్మదిగా అందంటే అధ్యక్షుడు ఇంకోసారి చెప్పమన్నాడు. "వద్దు. ఈ ఒక్క ఏడాది," అంది. ఫోన్లన్నీ పెట్టేశాక కూడా నలభై నిమిషాలు ఆ కారులోనే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే థెరీసా నాకు ఫోన్ చేసింది.

"ఏమే వాండా, రాత్రి విన్నావా? నాకు ఆయాసంలో కుదర్లేదు."

"వినకుండా ఉంటానా."

"నాలుగు, మూడుతో పోయిందంటోంది లోరీ. అంతకుమించి నోరు విప్పట్లేదు. ఆ నాలుగోది ఎవరే? కొవాలిక్ అనుకో ఒకటి. ఆ హోటలాయన పిరికిగొడ్డు, రెండు."

చెప్పకుండా ఉండొచ్చు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేయొచ్చు. "ఇంకెవరు టెస్, మీ చెల్లెలే," అన్నాను.

అటువైపు గాలి యంత్రం బుస్సుమంటూ వినిపించింది, ఇంకేమీ లేదు. ఆ నిశ్శబ్దం నాకు పడదు. ఒక సంగతి చెబితే వినే మనిషి 'ఆఁ' అంటే ఇంకొకటి కలపాలనిపిస్తుంది, ఏమీ అనకపోతే రెండు కలపాలనిపిస్తుంది. "అడగ్గానే అనేసింది," అన్నాను. "రాబీ మాట పూర్తి కానిచ్చిందా? ఠప్పున తలుపు మొహాన వేసినట్టు, వద్దు అనేసింది. ఆలోచించనైనా లేదు."

"ఆహా," అంది థెరీసా. ఫోన్ పెట్టేసింది.

ఆ తరవాత ఆ వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన కనబడలేదు. థెరీసా వెనక గదిలో మిషను ముందు కూర్చునేది, లొరెట్టా ముందు మెట్ల మీద. మూడో రోజు లొరెట్టా వీధి దాటి వచ్చి, మా కంచెకి ఆరడుగుల దూరంలో నిలబడింది.

"టెస్‌తో ఏమన్నా అన్నావా వాండా?"

"నేనా? చలి ఎక్కువైందని మాట్లాడుకున్నాం."

బస్సు అద్దంలోంచి వెనక సీటు పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. వెనక్కి తిరిగి వీధి దాటి వెళ్ళిపోయింది.

ఆ వారమే వాళ్ళు వరండాలో పోట్లాడుకున్నారు. నేను ఆకులు ఊడుస్తున్నాను. ఊడ్చిన చోటే నాలుగుసార్లు ఊడ్చాను.

"నీకు జడలేసి స్కూలుకి పంపింది నేను," అంటోంది థెరీసా, మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. "నన్నొక్క మాట అడగాలని అనిపించలేదా?"

"అడిగితే ఏమంటావో నాకు తెలుసు."

"తెలిసే అడగలేదన్నమాట."

"నీకు గాలి ఆ పెట్టెలోంచి వస్తోంది టెస్. ఒక్క పిల్లాడు దగ్గితే చాలు. మాస్కు ముక్కు కిందికి జారితే చాలు. నేను చూశాను వాళ్ళని ముప్ఫై ఏళ్ళు, ఏ పిల్లాడికీ ముక్కు మీద ఏదీ నిలవదు."

"దగ్గనీవే. నాకింకెన్ని హాలోవీన్లున్నాయి? డాక్టరన్న మాట నువ్వూ విన్నావుగా."

"నాకు నువ్వు క్రిస్మస్‌కి కావాలి. ఈస్టరుకి కావాలి."

"నీకు కావాలి," అంది థెరీసా. కొంచెం ఆగి, "సరే. నీకు కావాలి," అంది మళ్ళీ. గొట్టం ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

వేషాలు మాత్రం ఆపలేదు. ఒక్కొక్కటీ సంచిలో పెట్టి, మూతి కట్టి, మెట్ల మీద ఉంచితే తల్లులు ఒకరి తరవాత ఒకరు వచ్చి పట్టుకెళ్ళారు. సైరన్ లేకపోయినా ఇంట్లోనే వేసుకుని ఫోటోలు తీసుకుంటామన్నారు. పదకొండు సంచులూ వెళ్ళిపోయాయి. ఏ ఒక్కటీ పిల్లల ఒంటి మీద థెరీసా చూడలేదు.

హాలోవీన్ శనివారం వచ్చింది. పట్టపగలే వీధి బోసిగా ఉంది. కిటికీల్లో గుమ్మడికాయలున్నాయి, మనుషులు లేరు. ఐదున్నరకి ఎదురింటి వరండా దీపం వెలిగింది. మెట్ల మీద ఆకులు సంచికి ఎత్తుతున్న లొరెట్టా వెనక్కి తిరిగి చూసింది. తలుపు అవతల థెరీసా చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఆర్పెయ్యమంటుందేమో అనుకున్నాను, అనలేదు. ఎలాగూ ఎవరూ రారు కదా అనుకునుంటుంది. థెరీసా వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

ఆరుకి ఇంకో రెండు నిమిషాలున్నాయనగా సైరన్ మోగింది.

వాగు పక్క రోడ్డులో ఎవరో కారుతో జింకని గుద్ది గోతిలో పడ్డారు. మంట లేచినా, వరద వచ్చినా, కారు పడినా, పిల్లల మిఠాయి వేళైనా మా ఊరికి ఉన్నది ఆ ఒక్క సైరనే, మోత కూడా ఒకటే. డెమ్కో కావాలనే మోగించాడని ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అంటారు. ఆ జింకని అతనే తోలాడని కూడా అన్నారు, అది మొదట అన్నది నేనే. నిజానికి పాపం అతను అప్పటికే ట్రక్కులో ఉన్నాడు.

కానీ ఇళ్ళల్లో వేషాలేసుకుని కూర్చున్న పిల్లలకి జింక సంగతి ఏం తెలుసు? పుట్టినప్పటినుంచీ ఆ రోజు ఆ వేళ ఆ మోతకి వాళ్ళకి తెలిసిన అర్థం ఒక్కటే. పెద్దవాళ్ళ మనసు మారిందనుకున్నారు. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. తల్లులు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నారు, వీళ్ళు పరిగెడుతూనే ఉన్నారు. ఎక్కడికి పరిగెడతారు? దీపం వెలుగుతున్న ఇల్లు వీధి మొత్తానికి ఒక్కటే.

పదకొండు మందీ మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రోడ్డు మీదికి వచ్చేశారు. టీగన్ ముందుంది. లొరెట్టా ఆకుల సంచి కింద పడేసి, మెట్లు దిగి, చెయ్యి ఎత్తింది.

ఆగిపోయారు. ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. ఆ చెయ్యి అలాంటిది.

"ఇది హాలోవీన్ సైరన్ కాదు," అంది. "ఎక్కడో ప్రమాదం జరిగింది. ఇళ్ళకి వెళ్ళండి."

"మిస్ లొరెట్టా," అంది టీగన్, ఈకల మధ్య నుంచి. "మేం దగ్గరికి రాం. మిఠాయి కూడా వద్దు. ఇక్కడే ఒక్క చుట్టు తిరిగి చూపించి వెళ్ళిపోతాం."

"వెళ్ళమ్మా."

"ఒక్కటే చుట్టు. మిస్ థెరీసా చూడాలిగా."

"టీగన్, వెళ్ళమన్నానా."

ఆమె గొంతు అలా జీరపోవడం నేనెప్పుడూ వినలేదు. పిల్లలు వెనక్కి తిరిగారు. తిరిగి మా ఇంటివైపు నడిచారు, ఈ పక్క కాలిబాట పట్టి పోదామని.

సరిగ్గా అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. సైరన్ విని లేచిందట థెరీసా. వెనక గది నుంచి ముందు తలుపు ఇరవై అడుగులు. మధ్యలో గొట్టం మిషను కాలికి చుట్టుకుంటే వంగి విడిపించుకుని, మళ్ళీ ఊపిరి కూడదీసుకుని వచ్చింది. వరండాలోకి వచ్చేసరికి పిల్లలు వీధి దాటేశారు. ఆమెకి కనిపించింది పదకొండు వీపులు.

నేను మా వరండాలోనే ఉన్నాను. పిల్లలు నాకు ఎదురుగా వస్తున్నారు, వాళ్ళ వెనక థెరీసా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "వెనక్కి తిరగండర్రా, చూస్తోంది," అని ఒక్క మాట అంటే చాలు. మా కొండకి అవతల ఊరికి కూడా వినబడే నోరు నాది. ఆ పూట తెరుచుకోలేదు. ఆ ఇంటి గొడవలో నా వేలు అప్పటికే ఉంది, ఇంకోసారి పెడితే లొరెట్టా ఆ సంగతి లాగుతుందని భయపడ్డాను. అంతకన్నా గొప్ప కారణం ఉంటే చెప్పుకునేదాన్ని.

పిల్లలు మూల తిరిగేదాకా థెరీసా చూసింది. లొరెట్టా మెట్ల కింద అలాగే నిలబడి ఉంది. ఎత్తిన చెయ్యి అప్పటికి దింపింది గానీ ఏం చెయ్యాలో తెలియనట్టు పక్కన వేలాడేసింది.

"వెనక కుట్లు బాగానే వచ్చాయి," అంది థెరీసా. లోపలికి వెళ్ళింది.

మర్నాడు తల్లులందరూ ఫోటోలు పంపారు. లొరెట్టా ఫోన్ తీసుకెళ్ళి చూపిస్తే ఒక్కొక్కటీ చూసి, "బాగున్నాయి," అని తిరిగి ఇచ్చేసిందట. నాతో మాత్రం, "ఫోటోలో అంతా నిలబడి ఉంటుందే వాండా. బట్ట నడిస్తేనేగా తెలిసేది, నేను ఎక్కడ తప్పు కత్తిరించానో," అంది. నేను అవునన్నాను. అప్పుడు కూడా చెప్పాల్సింది చెప్పలేదు.

అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారు. నవంబరులో ఇద్దరికీ సరిపడా ఒక్క టర్కీ కోడి కాలు వండుకున్నారు. క్రిస్మస్ దీపాలు లొరెట్టా కడుతుంటే థెరీసా కిటికీలోంచి వేలు చూపించి పైకి, కిందికి అంటూ సరిచేసింది. హాలోవీన్ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. జనవరి తొమ్మిదిన పొద్దున్న లొరెట్టా కాఫీ పట్టుకెళ్ళేసరికి థెరీసా కుర్చీలోనే పోయి ఉంది. గాలి యంత్రం పనిచేస్తూనే ఉంది. పరీక్ష చేశారు. కరోనా లేదు. ఊపిరితిత్తులు వాటంతటవే ఆగిపోయాయి, అంతే.

ఊరు రెండు రకాలుగా మాట్లాడింది. లొరెట్టా కాపాడబట్టే రెండు నెలలు ఎక్కువ బతికిందని కొందరు. ఎలాగూ పోయే మనిషి, ఆ ఒక్క సాయంత్రం దక్కనిస్తే ఏం పోయిందని కొందరు. ఆ రోజు వద్దనకుండా ఉండి, థెరీసాకి కరోనా వచ్చి ఉంటే, ఈ రెండో రకం వాళ్ళే చెల్లెలు చంపేసిందని అనుండేవారు. వాళ్ళు నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళుగా వాళ్ళకి నాయకురాలిని నేనే. అంత్యక్రియలకి పదిమందినే రానిచ్చారు. నేను పదకొండో మనిషిని, బయట కారులో కూర్చున్నాను.

రెండు వారాల తరవాత ఒక మధ్యాహ్నం, మంచు పడుతుండగా, లొరెట్టా వచ్చి మా వరండా అవతలి చివర కూర్చుంది. నేను ఇవతలి చివర. థెరీసా బట్టలు చర్చికి ఇచ్చేశానంది. నేను ఇంక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. ఆ పొద్దున్న ఫోన్, ఠప్పున అన్నావని నేను కల్పించింది, అంతా.

"తెలుసు," అంది లొరెట్టా.

"ఎలా?"

"టెస్ ఆ రోజే చెప్పింది. వాండా ఇలా అంది, దాంట్లో సగం తీసేశానులే లోరీ అని."

"మరి అన్నాళ్ళు టెస్ నీతో ఎందుకు మాట్లాడలేదు?"

"సగం తీసేశాక మిగిలింది నేనన్న మాటేగా," అంది.

మంచు ఎదురింటి మెట్ల మీద పేరుకుంటోంది. ఇంకా ఎవరూ తుడవలేదు. నాకు ఏదైనా అనాలని ఉంది, కానీ అనడానికి దొరికినవన్నీ పెద్ద పెద్ద మాటలు.

"ఆ రోజు పిల్లలు నీ వైపు తిరిగారు కదా," అంది లొరెట్టా. "నేను వాళ్ళ ముక్కులే చూశాను వాండా. మాస్కు ఉందా, జారిందా, అదే చూశా. టెస్ మూడు నెలలు కష్టపడి కుట్టింది, నేను ఒక్కటీ చూళ్ళేదు. నువ్వు చూశావు. ఎలా ఉన్నాయో చెప్పు. ఏమీ కలపకు."

చెప్పాను. టీగన్ నడుస్తుంటే గుడ్లగూబ ఈకలు ఒకదాని మీద ఒకటి పడుకుని లేచాయని చెప్పాను. ఎడమ చంక దగ్గర రెండు ఈకలు ఊడి వేలాడుతున్నాయని కూడా చెప్పాను. డ్రాగన్ తోక నేల మీద ఈడ్చుకుపోలేదు, అంగుళం పైనే ఊగింది. పాలవాడి వేషం కుర్రాడికి భుజాలు కొంచెం వదులు. చేప వేషం పిల్లకి మోకాళ్ళ దగ్గర బట్ట బిగిసి చిన్న చిన్న అడుగులే వేసింది, పొలుసులు మాత్రం దీపానికి మెరిశాయి. లొరెట్టా కళ్ళు మూసుకుని వింటోంది. నేను వేళ్ళు మడుస్తూ ఏడు చెప్పి ఆగాను.

"ఎనిమిదోది?"

"ఎనిమిదో పిల్ల నాకు కనబడలేదు. మేపుల్ చెట్టు అడ్డం వచ్చింది."

ఒక్క క్షణం కళ్ళు తెరిచి నా మొహం చూసింది, మళ్ళీ మూసుకుంది.

"పర్లేదు," అంది. "తొమ్మిదోది చెప్పు."